గోడ మీది శకం, స్టెప్పీలో దిబ్బ

మా అమ్మ ఏటా ఎవరో ఒకరి పెట్టెలో పెట్టి రెండు తెలుగు కేలండర్లు పంపిస్తుంది. ఒకటి వంటింట్లోకి వెళ్ళిపోతుంది, రెండోది ఆఫీసులో నా క్యూబు గోడకి చేరుతుంది. వర్జ్యాలూ దుర్ముహూర్తాలూ చూసి రిలీజులు పెట్టుకునే యోగం మనకెలాగూ లేదు కాబట్టి అది అలంకారానికే. అయితే 2024లో ఉగాది వెళ్ళిన వారం, మా ప్రాజెక్టులో డేటాబేసులు చూసే ఉక్రెయిన్ పెద్దాయన ఒకాయన కాఫీ కప్పు పట్టుకుని వచ్చి, ఆ కేలండరు ముందు ఆగిపోయాడు. అక్షరాలు రావు గానీ అంకెలు వస్తాయి కదా.

"ఇదేమిటి, ఇక్కడ 1946 అనుంది? పాత కేలండరా?"

కాదు బాబూ, అది మా ఇంకో లెక్క, శాలివాహన శకం అని చెప్పాను. శకం అంటే ఏమిటన్నాడు. శకులని ఒక జాతి ఉండేవారు, రెండు వేల ఏళ్ళ కిందట గుర్రాలేసుకుని మధ్య ఆసియా నుంచి మా మీదికి వచ్చారు, వాళ్ళ పేరే ఆ లెక్కకి అంటుకుపోయింది అన్నాను. ఆయన కప్పు నా బల్ల మీద పెట్టి కుర్చీ లాక్కున్నాడు.

"శక... సాకా! వాళ్ళు మా సిథియన్లేనయ్యా. మా నాన్న ఇంటి దగ్గర వాళ్ళ సమాధి ఉంది. చిన్నప్పుడు చలికాలం దాని మీంచి జారుడుబల్ల ఆడేవాళ్ళం."

మేముండేది ఒహాయోలో, క్లీవ్‌లాండ్ పక్కన. ఇక్కడికి దగ్గర్లో పార్మా అనే ఊళ్ళో ఉక్రేనియన్లు చాలామంది ఉన్నారు. చర్చీలూ బేకరీలూ వాళ్ళవే. ఇన్నేళ్ళూ ఆ వీధుల్లో కారు నడుపుతూ నాకు తట్టిందల్లా వాళ్ళ రొట్టె బావుంటుందని మాత్రమే. ఆయన ఆ మాటన్నాక ఇంటికొచ్చి పుస్తకాలు ముందేసుకున్నాను. తరవాత రెండు నెలలు మా ఆవిడ నాతో మాట్లాడినప్పుడల్లా నేను క్రీస్తు పూర్వంలో ఉన్నాను.

ముందు ఆయన మాట నిజమా కాదా అన్నది చూద్దాం. నిజమే, కానీ ఒక మెలిక ఉంది. పర్షియా చక్రవర్తి డేరియస్ సమాధి దగ్గర, నక్ష్-ఎ-రుస్తమ్‌లో చెక్కించిన శాసనంలో తన ఏలుబడిలోని జాతుల జాబితా ఉంది. అందులో "సకా" అనే పేరు మూడు సార్లు వస్తుంది. సోమాన్ని పోలిన హవోమ పేరుతో ఒకరు, మొనదేలిన టోపీల సకులు ఒకరు, మూడోవారు "సకా పరదరయ", అంటే సముద్రానికి అవతలి సకులు. "పర" అనే ముక్క మనకి విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ మూడోవారే నల్లసముద్రానికి ఉత్తరాన ఇప్పటి ఉక్రెయిన్ స్టెప్పీల్లో ఉండేవారని పండితులు సాధారణంగా అనే మాట. గ్రీకులు వీళ్ళనే సిథియన్లన్నారు. పర్షియన్లు సిథియన్లందర్నీ సకులే అంటారని హెరొడోటస్ కూడా రాశాడు. మన మీదికొచ్చిన శకులు వీళ్ళు కారు, తూర్పు వైపు ఉండిపోయిన జ్ఞాతులు. అదీ మెలిక. పెదనాన్న పిల్లలూ చిన్నాన్న పిల్లలూ అనుకోండి.

వీళ్ళు మాట్లాడింది ఇరానీ కుటుంబపు భాష, అంటే సంస్కృతానికి దగ్గరి చుట్టం. వాళ్ళ మాటలు పెద్దగా మిగల్లేదు గానీ నదుల పేర్లలో ఇరుక్కుని కొన్ని ఉండిపోయాయి. డాన్, నీపర్, నీస్టర్, ఈ మూడింటిలోనూ "దాను" అనే పాత ఇరానీ మాట ఉంది. నది అని అర్థం. ఋగ్వేదంలోనూ ఈ దాను జలానికి సంబంధించిన మాటే, వృత్రుడి తల్లి పేరు కూడాను. నీపర్‌ని వాళ్ళు ద్నిప్రో అంటారు. ఇది చెబితే ఆయన ఆ పేరుని ఓ పదిసార్లు నోట్లో చప్పరించి చూసుకున్నాడు.

ఇక హెరొడోటస్. క్రీస్తుకి ముందు అయిదో శతాబ్దంలో ఈ గ్రీకు మహానుభావుడు నల్లసముద్రం ఒడ్డున ఉన్న ఒల్బియా రేవు దాకా వెళ్ళొచ్చాడని చాలామంది నమ్మకం. ఆయన చరిత్రలో నాలుగో భాగంలో సింహభాగం సిథియన్ల గురించే. రాజు చచ్చిపోతే కళేబరానికి మైనం పూసి బండి మీద ఊరూరా తిప్పేవారట. చివరికి నది మీద పడవలు వెళ్ళగలిగే ఆఖరి చోట, గెర్రోస్ అనే ప్రాంతంలో పాతేవారు. రాజుతో పాటు ఒక ఉంపుడుగత్తెనీ, వంటవాణ్ణీ, గుర్రాలవాణ్ణీ, గుర్రాల్నీ చంపి పక్కన పెట్టేవారు. పైన ఎవరికి చేతనైనంత ఎత్తు దిబ్బ పోసేవారు. శత్రువు పుర్రెకి బంగారపు రేకు తొడిగి తాగడానికి గిన్నె చేసుకునేవారనీ, శత్రువు చేతి చర్మం ఒలిచి అమ్ములపొదికి తొడుగు వేసేవారనీ కూడా రాశాడు. ఇదంతా గ్రీకు తాతగారి కోతలని చాలాకాలం నవ్వుకున్నారు. 2023లో దక్షిణ ఉక్రెయిన్‌లో 14 చోట్ల దొరికిన 45 సిథియన్ తోలు ముక్కల్ని ప్రోటీన్ల పరీక్ష చేసి చూస్తే ఎక్కువ భాగం గొర్రె, మేక, పశువు, గుర్రం. రెండు మాత్రం మనిషి. తాతగారు కోయలేదన్నమాట.

ఆ గెర్రోస్ ఎక్కడుంది? నీపర్ నది మధ్యలో బండరాళ్ళ మీంచి దూకే చోట్లు, అంటే పడవలకి అడ్డం వచ్చే రాపిడ్లు, ఒకప్పుడు వరసగా ఉండేవి. వాటికి దిగువన, ఇప్పటి జపోరిజ్జియా, నికోపోల్ పట్టణాల చుట్టుపక్కలే గెర్రోస్ అని అంటారు. పెద్ద పెద్ద సిథియన్ దిబ్బలు అక్కడే ఉన్నాయి కాబట్టి. ఈ దిబ్బల్ని కుర్గాన్లు అంటారు, ఉక్రేనియన్లో మొహిలా. మా డేటాబేసు పెద్దాయనది ఆ నికోపోలే. ఇది తెలిశాక నాకు పుస్తకం చదవడం మానేసి ఆయన బుర్ర తినడం ఎక్కువైంది.

ఆ దిబ్బల్లోవి ఏమయ్యాయో చూస్తే ఒక కథ దానంతటదే బయటికొస్తుంది. 1830లో క్రిమియాలో కెర్చ్ దగ్గర కూల్-ఓబా దిబ్బ, 1863 నాటికి నికోపోల్ దగ్గర చెర్తోమ్లిక్, 1913లో నది అవతలి ఒడ్డున సొలోఖా. చెర్తోమ్లిక్‌లో గుర్రాల్ని లొంగదీస్తున్న సిథియన్ల బొమ్మలతో వెండి కూజా దొరికింది. సొలోఖాలో దొరికిన బంగారు దువ్వెన మీద ముగ్గురు యోధులు పోట్లాడుకుంటూ ఉంటారు, వాళ్ళ పైజమా మడతలు కూడా కనిపిస్తాయి. ఇవన్నీ ఇప్పుడెక్కడున్నాయి? సెయింట్ పీటర్స్‌బర్గ్, హెర్మిటేజ్ మ్యూజియంలో. జారు కాలం మరి. అమరావతి స్తూపం పాలరాళ్ళు లండన్‌లో చూసొచ్చినవాళ్ళకి ఈ బాధ అర్థమవుతుంది.

ఒక్కటి మాత్రం కీవ్‌లో ఉండిపోయింది. దాని సంగతి కొంచెం తీరిగ్గా చెప్పాలి. నికోపోల్‌కి దగ్గర్లో మాంగనీసు గనులున్నాయి. గనుల తవ్వకం తోవ్‌స్తా మొహిలా అనే దిబ్బ దాకా వచ్చేసింది. లావు దిబ్బ అని అర్థం. తవ్వి చూసే పని బోరిస్ మొజొలెవ్‌స్కీ అనే ఆయన చేతికొచ్చింది. ఈయన కవి. అంతకు ముందు బతుకుతెరువు కోసం బాయిలర్ రూములో పనిచేసినవాడు. దొంగలు ఆ దిబ్బని వేల ఏళ్ళ కిందటే దోచేశారు, కానీ లోపలికి వెళ్ళే సొరంగంలో ఒక మూల వాళ్ళ కంట పడలేదు. 1971 జూన్ 21న ఆ మట్టిలో బంగారు కంఠాభరణం ఒకటి దొరికింది. అడుగు వెడల్పు, 1,150 గ్రాములు. పైవరసలో గొర్రెలూ మేకలూ, పాలు తాగుతున్న దూడలూ గుర్రప్పిల్లలూ. మధ్య వరస అంతా లతలూ పువ్వులూ. కింద వరసలో రెక్కల సింహాలు గుర్రాల్ని చీలుస్తుంటాయి. అన్నిటికీ పైన నడిమధ్య ఇద్దరు గడ్డాలవాళ్ళు చొక్కాల్లేకుండా కూచుని ఒక గొర్రెతోలు చొక్కా చెరో పక్కా పట్టుకుని కుడుతున్నారు. యుద్ధాలకి పేరుమోసిన జాతి రాజుగారి మెడలో నగ, దాని నట్టనడుమ దర్జీ పని! నాకిది చూసినప్పుడల్లా నవ్వొస్తుంది, ముచ్చటా వేస్తుంది. చేసింది గ్రీకు కంసాలి అయ్యుండవచ్చంటారు. చేయించుకున్నవాడు మాత్రం అచ్చమైన సిథియనే.

సరే, ఈ సిథియన్లకీ ఇప్పటి ఉక్రేనియన్లకీ సంబంధం ఏమిటి? మా పెద్దాయన్ని సూటిగా అడిగాను. "తాతలు" అన్నాడు. నేనొప్పుకోలేదు. సిథియన్ల ప్రాభవం క్రీ.పూ. మూడో శతాబ్దానికల్లా పోయింది. వాళ్ళని సర్మేషియన్లు తరిమారు, తర్వాత గోతులు వచ్చారు, హూణులు వచ్చారు. స్లావులు చరిత్రలో ఆ పేరుతో కనిపించేది ఆరో శతాబ్దంలో. భాష వేరు, బతుకు వేరు. పాత ఎముకల డీఎన్ఏ చూసినవాళ్ళయితే సిథియన్లే ఒక్క జాతి కారు, అనేక రకాల మనుషుల కలగాపులగం అంటున్నారు. పైగా ఈ తాతల కోసం పోటీ కూడా ఉంది. పోలండు జమీందార్లు తాము సర్మేషియన్ల వంశమని కొన్ని వందల ఏళ్ళు మీసాలు తిప్పారు. రష్యన్ కవి అలెగ్జాండర్ బ్లోక్ 1918లో సిథియన్లమంటే మేమేనని ఏకంగా పద్యం రాసేశాడు. శాతవాహనులు తెలుగువాళ్ళా, మరాఠీలా, కన్నడిగులా అని మనం కొట్టుకోవడం లేదూ? అలాంటిదే.

అయినా పూర్తిగా కొట్టిపారెయ్యలేకపోయాను. ఎందుకంటే మధ్యలో రుస్ ఉంది.

తొమ్మిదో శతాబ్దంలో స్కాండినేవియా నుంచి తెడ్లేసుకుంటూ నదుల మీదుగా దిగిన వాళ్ళు రుస్. 882లో ఓలెగ్ కీవ్‌ని పట్టుకున్నాడని వాళ్ళ పాత చరిత్ర చెబుతుంది. 950 ప్రాంతంలో బైజాంటియం చక్రవర్తి కాన్‌స్టంటైన్ తన కొడుక్కి రాసిన రాజనీతి గ్రంథంలో నీపర్ రాపిడ్ల పేర్లు వరసగా ఇచ్చాడు, ఒక్కోదానికీ రెండేసి, రుస్ భాషలో ఒకటి, స్లావుల భాషలో ఒకటి. ఆ రుస్ పేర్లన్నీ స్కాండినేవియన్ మాటలు. ఇంకో తరానికల్లా ఆ భాష మాయం. హెల్గి ఓలెగ్ అయ్యాడు, ఇంగ్వర్ ఇహోర్ అయ్యాడు, ఇహోర్ కొడుక్కి స్వ్యతొస్లావ్ అని అచ్చ స్లావు పేరే పెట్టేశారు. వచ్చినవాడు ఉన్నవాడిలో కలిసిపోయాడు.

ఈ స్వ్యతొస్లావ్‌ని 971లో డాన్యూబ్ ఒడ్డున చక్రవర్తి జాన్ జిమిస్కెస్‌ని కలవడానికి వచ్చినప్పుడు ఎలా ఉన్నాడో లియో అనే గ్రీకు రచయిత వర్ణించాడు. పడవలో అందరితో పాటు తనూ తెడ్డు వేస్తూ వచ్చాడట. తెల్లని బట్టలు, గుబురు మీసం, గుండు మీద ఒక పక్కకి వేలాడే పిలక, ఒక చెవికి ముత్యాల పోగు. పిలకా, మీసం, చెవిపోగు అంటే అచ్చం ఆరేడు వందల ఏళ్ళ తర్వాత అదే నది మీద తిరిగిన కొసాక్కు బొమ్మే! ఇంకా విచిత్రం, లియో వీళ్ళని రుస్ అని ఊరుకోడు, సిథియన్లు అంటాడు. పండితులు దీన్ని గ్రీకుల పాత అలవాటు అంటారు, ఉత్తరాన ఎవడొచ్చినా సిథియనే. నిజమే. కానీ పన్నెండో శతాబ్దం మొదట్లో కీవ్‌లో కూచుని తమ చరిత్ర రాసుకున్న సన్యాసులు కూడా, మా నేలని గ్రీకులు గ్రేట్ సిథియా అనేవారని రాసి పెట్టుకున్నారు. అంటే పేరు పైవాళ్ళు పెట్టినా ఇంట్లోకి వచ్చి చేరింది.

మరుసటి ఏడు, 972లో, స్వ్యతొస్లావ్ ఆ రాపిడ్ల దగ్గరే పెచెనెగ్గుల చేతిలో చచ్చిపోయాడు. వాళ్ళ నాయకుడు కూర్యా అతని పుర్రెకి తొడుగు వేయించి తాగే గిన్నె చేసుకున్నాడట. హెరొడోటస్ గుర్తొచ్చాడా? మధ్యలో పధ్నాలుగు వందల ఏళ్ళు. మనుషులు మారారు, భాషలు మారాయి, నేల అలవాట్లు మాత్రం అక్కడే ఉన్నాయి.

దేవుళ్ళ దగ్గర కూడా ఇంతే. స్వ్యతొస్లావ్ కొడుకు వొలొదిమిర్ 980లో కీవ్ గుట్ట మీద నిలబెట్టిన విగ్రహాల్లో ఖోర్స్ అనీ సిమార్గ్ల్ అనీ ఇద్దరున్నారు. ఇవి స్లావు పేర్లు కావు, ఇరానీ పేర్లని చాలామంది అభిప్రాయం. ఖోర్స్‌ని పర్షియన్ ఖుర్షీద్‌తో, అంటే సూర్యుడితో కలుపుతారు, సిమార్గ్ల్‌ని సీముర్గ్ పక్షితో. స్టెప్పీ నుంచి వచ్చిన అరువు సొమ్ము. ఎనిమిదేళ్ళకి, 988లో, ఆ వొలొదిమిరే క్రైస్తవం పుచ్చుకుని ఈ విగ్రహాల్ని పడగొట్టించి, పెరూన్ విగ్రహాన్ని నదిలోకి ఈడ్పించాడనుకోండి, అది వేరే కథ. అతని నాణేల మీది త్రిశూలం లాంటి గుర్తే ఈనాటి ఉక్రెయిన్ రాజముద్ర. వాళ్ళ కరెన్సీ పేరు హ్రివ్నా, రుస్ కాలంలో వెండి తూకం అది. ఒక హ్రివ్నా మీద వొలొదిమిర్, రెండు హ్రివ్నాల మీద అతని కొడుకు యారొస్లావ్.

యారొస్లావ్ అంటే చిన్నవాడు కాదు. ఒక కూతుర్ని ఫ్రాన్సు రాజుకీ, ఒక కూతుర్ని నార్వే రాజుకీ, ఒక కూతుర్ని హంగరీ రాజుకీ ఇచ్చాడు. కీవ్‌లో సెయింట్ సోఫియా చర్చి అతని కాలానిదే. అందులో అతని పాలరాతి సమాధి పెట్టెని 2009లో తెరిస్తే లోపల రాజుగారు లేరు, ఎవరో ఆడమనిషి ఎముకలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఎవరో పట్టుకుపోయారనీ, అమెరికా చేరి ఉండొచ్చనీ అనుమానం. ఇది విని మా ఆవిడ, "హెచ్‌వన్ లేకుండానే వచ్చేశాడా?" అంది.

ఇప్పుడు అసలు గొడవ. రుస్ పేరు రష్యాకి పోయింది. మాస్కో అనే ఊరి పేరు మొదటిసారి కనిపించేది 1147లో, సోఫియా చర్చి కట్టిన వందేళ్ళకి. ఉక్రేనియన్ల పూర్వీకులు చాలాకాలం తమని తాము రుసిన్లనే చెప్పుకునేవారు. 1721లో పీటర్ తన రాజ్యాన్ని రష్యన్ సామ్రాజ్యం అన్నాక, కీవ్ వాళ్ళు "చిన్న రష్యన్లు" అయ్యారు. 2016లో క్రెమ్లిన్ పక్కన వొలొదిమిర్‌కి పెద్ద విగ్రహం నిలబెట్టారు. 2021 జూలైలో పుతిన్ పెద్ద వ్యాసం రాసి, రష్యన్లూ ఉక్రేనియన్లూ పాత రుస్ వారసులే, ఒకే జనం అన్నాడు. ఏడు నెలలకి సైన్యం వచ్చింది. చరిత్ర వ్యాసం రాసేవాళ్ళని ఊరికే చూసి నవ్వుకోకూడదని నాకప్పుడే అర్థమైంది.

ఆ వచ్చినవాళ్ళు బంగారం వెతుక్కున్నారు కూడా. 2022 వసంతంలో మెలితొపోల్ మ్యూజియం సిబ్బంది నేలమాళిగలో దాచిన సిథియన్ బంగారం, 198 వస్తువులు, రష్యన్ సైనికులు కనిపెట్టి పట్టుకుపోయారని అక్కడి అధికారులు చెప్పారు. అదే ఏడు చివర్లో ఖెర్సన్ విడిచి వెళ్ళే ముందు అక్కడి మ్యూజియాలు ఖాళీ చేసి క్రిమియాకి తీసుకెళ్ళారు. ఒక్క జట్టు మాత్రం తప్పించుకుంది, అదీ అదృష్టం కొద్దీ. 2014 ఫిబ్రవరిలో క్రిమియా మ్యూజియాల వస్తువులతో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రదర్శన మొదలైంది. మార్చిలో క్రిమియా రష్యా చేతికి పోయింది. ఇక ఈ సొమ్ము ఎవరికి తిరిగివ్వాలి, క్రిమియా మ్యూజియాలకా, కీవ్‌కా? తొమ్మిదేళ్ళు కోర్టుల్లో నడిచింది. 2016లో, 2021లో, చివరికి 2023 జూన్‌లో డచ్ సుప్రీం కోర్టులో, మూడు సార్లూ ఉక్రెయిన్ వైపే తీర్పు. ఆ నవంబరులో పెట్టెలు కీవ్ చేరాయి. సిథియన్ తాతల డీఎన్ఏ ఎవరిదో డచ్ కోర్టు అడగలేదు. వస్తువు ఏ నేలలోంచి వచ్చింది, దాన్ని కాపాడే చట్టం ఎవరిది, అంతే అడిగింది. నాకు నచ్చింది అదే. కవి మొజొలెవ్‌స్కీ రక్తంలో సిథియన్ చుక్క ఉందో లేదో ఎవరికి కావాలి? ఆ సొరంగంలో మట్టి గీకుతూ కూచున్నది ఆయన. నేలమాళిగలో పెట్టెలు మోసింది మెలితొపోల్ మ్యూజియం వాళ్ళు.

మన కేలండరు సంగతీ ఇలాగే ఉంటుంది. శక సంవత్సరం శకుల క్షత్రపుడు చష్టనుడి కాలం నుంచి మొదలైందని ఇప్పుడు చాలామంది చరిత్రకారులంటారు. గౌతమీపుత్ర శాతకర్ణి శకుల నడ్డి విరిచాడనీ, నహపాణుడి వెండి నాణేల మీద తన ముద్ర మళ్ళీ కొట్టించాడనీ మనం గొప్పగా చెప్పుకుంటాం. చివరికి శత్రువు లెక్కకే ఎప్పుడో తర్వాత శాలివాహనుడి పేరు తగిలించి, శాసనాల నిండా చెక్కుకుని, ఇప్పటికీ ఉగాదికి ఆ అంకె మార్చుకుంటున్నాం. మా పెద్దాయనకి ఇది చెబితే పగలబడి నవ్వాడు.

ఆయనకి నేను చెప్పిన వాటిలో బాగా పట్టేసింది మాత్రం ఇంకో కథ. క్రీ.పూ. 513 ప్రాంతంలో డేరియస్ పెద్ద సైన్యంతో సిథియన్ల మీదికి వెళ్ళాడు. వాళ్ళు యుద్ధం చెయ్యరు. గడ్డి తగలబెట్టి, బావులు పూడ్చి వెనక్కి జరుగుతూ ఉంటారు. విసిగిపోయి డేరియస్, నిలబడి పోట్లాడవెందుకని కబురు పెడితే వాళ్ళ రాజు ఇదాంతిర్సోస్ జవాబిచ్చాడట: మాకు కాపాడుకోవడానికి ఊళ్ళూ లేవు పొలాలూ లేవు, మా తండ్రుల సమాధులున్నాయి, వాటిని వెతికి పట్టుకుని చెయ్యేసి చూడు, అప్పుడు తెలుస్తుంది మేం పోట్లాడతామో లేదో. ఆయనకి ఇది ముందే తెలుసు, బళ్ళో చదువుకున్నాడు. అయినా మళ్ళీ చెప్పించుకున్నాడు.

ఆయన తండ్రి ఇంకా నికోపోల్‌లోనే ఉన్నాడు. ఎనభై దాటాయి, రానంటాడు. నదికి అటు ఒడ్డున అణు విద్యుత్ కేంద్రం, రష్యా చేతిలో ఉంది. ఇటు ఊరి మీద గుళ్ళు పడుతుంటాయి. సొలోఖా దిబ్బ కూడా ఆ ఒడ్డునే. 2023 జూన్ 6న దిగువన కహోవ్కా డ్యాము పేలిపోయి రిజర్వాయరు ఖాళీ అయింది. ఊరికి కుళాయి నీళ్ళు పోయాయి. 1950లలో మునిగిపోయిన కొసాక్కుల పచ్చిక మైదానం మళ్ళీ బయటపడి, ఏడాది తిరక్కుండా అడుగున విల్లో చెట్లు మనిషి కంటే ఎత్తు లేచాయి. యుద్ధంలో ఎత్తు ప్రదేశం కావాలి కాబట్టి స్టెప్పీలో దిబ్బల మీదే కందకాలు తవ్వుతున్నారు, ఎముకలూ కుండలూ పైకొస్తున్నాయి.

ఒకరోజు వచ్చి, పసుపు రంగు స్టికీ కాయితం ఒకటి ఇచ్చి, "శక" అని మీ లిపిలో రాసిమ్మన్నాడు. రాసిచ్చాను. ఫోటో తీసి వాళ్ళ నాన్నకి పంపాడు. మర్నాడు జవాబు వచ్చింది. దిబ్బ ఫోటో, వాళ్ళింటి మిద్దె మీంచి తీసింది, చాలా దూరంగా ఉంది. గడ్డి మోకాలెత్తు పెరిగిపోయింది. దిబ్బ దాకా వెళ్ళడానికి లేదట, పొలాల్లో మందుపాతరలున్నాయని బోర్డు పెట్టారు. కింద ఏదో ఒక వాక్యం రాసి ఉంటే ఏమిటని అడిగాను.

"ఈ ఇండియా వాడికి గడ్డి కోసేవాడెవడైనా తెలుసేమో కనుక్కో అంటున్నాడు."